జూలియస్ న్యెరేరే చరిత్రము

హిందూమహాసముద్రమునకుఁ బడమటి యొడ్డున, ఆఫ్రికాఖండములో, టాన్జేనియా యను దేశము గలదు. ఆ దేశప్రజలు తమ మొదటి యధ్యక్షుని పేరుపెట్టి పిలుచుట యరుదు. వారాయనను మ్వాలిము అందురు. స్వాహిలీభాషలో ఆ మాటకు బడిపంతులని యర్థము. మన పెద్దలు ఒజ్జ యన్నట్లే వారు మ్వాలిము అందురు. ఆయన యధికారములో నున్న కాలమునను, దానిని విడిచిన పిమ్మటను ఆ బిరుదమే నిలిచెను. పాఠములు చెప్పి కాలము గడుపఁదలఁచిన యొక యుపాధ్యాయుఁడు, ధనముగాని పెద్దసైన్యముగాని లేని దేశమునకు నాయకుఁడై, బలవద్రాజ్యముల నడుమ నేవిధముగా మెలఁగెనో, ఇచ్చిన మాట నిలుపుకొనుటకై యెంత నష్టము సహించెనో, ఈ వ్యాసమున సంగ్రహముగాఁ దెలుపఁబడును.

న్యెరేరే 1922 వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, విక్టోరియా సరస్సునకుఁ దూర్పున నున్న బుతియామా గ్రామమున జన్మించెను. తండ్రి జనాకీ యను చిన్నతెగకు నాయకుఁడు. ఆయనకు ఇరువదిమందికిఁ బైఁగా భార్యలుండిరి. ఈ బాలుని తల్లి వారిలో నైదవయామె. పుట్టిననాఁడు వాన కురియుచుండుటచే, ఆ ప్రాంతపువారు నమ్మెడి వానదేవత పేరు వచ్చునట్లు శిశువునకుఁ గంబరాగే యని పేరిడిరి. పండ్రెండేండ్లు వచ్చువఱకు బాలుఁడు బడి మొగమెఱుఁగఁడు. తండ్రిగారి గొఱ్ఱెలను గాచుచుండెను. 1934 లో ముసోమా పట్టణపు బడిలోఁ జేరి, ఆలస్యముగా వచ్చినను అందఱను మించి చదివి, మూఁడేండ్లకు తబోరాలోని ప్రభుత్వపాఠశాలకుఁ బోయెను. అటనుండి ఉగాండాలోని మకెరేరే కళాశాలకుఁ బోయి, 1945 నాఁటికి ఉపాధ్యాయపట్టము నొందెను. ఈ నడుమనే, 1943 డిసెంబరులో, రోమను కథోలికసంఘమున బాప్తిస్మము పొందెను. జూలియస్ అను పేరు అప్పటిది.

తబోరాలోని సెయింట్ మేరీస్ అను మిషను పాఠశాలలో కొన్నేండ్లు జీవశాస్త్రమును, ఇంగ్లీషును బోధించిన పిమ్మట, 1949 లో స్కాట్లండునకుఁ బోయి ఎడింబరో విశ్వవిద్యాలయమునఁ జేరెను. అచ్చట చరిత్రము, అర్థశాస్త్రము, తత్త్వశాస్త్రము చదివి 1952 లో ఎం. ఏ. పట్టముతోఁ దిరిగివచ్చెను. ఆ దేశీయులలో బ్రిటను విశ్వవిద్యాలయపు పట్టము పొందిన మొదటివారిలో నాయన యొకఁడు. వచ్చిన తోడనే యుద్యోగముల కెగఁబ్రాఁకక, దారెస్సలాము నగరసమీపమునఁగల పుగూ అను చోట మఱల నొక మిషను పాఠశాలలోనే ఉపాధ్యాయుఁడయ్యెను. 1953 లో మరియా యను నామెను బెండ్లాడెను. ఆమెయు ఉపాధ్యాయినియే.

ఆ కాలమున ఆ దేశమునకు టాంగన్యీకా యని పేరు. మొదట జర్మనులు దాని నేలిరి. వారు 1914-18 యుద్ధమున నోడిపోఁగా, నానాజాతిసమితి దానిని బ్రిటను చేతఁ బెట్టెను. 1946 నుండి అది ఐక్యరాజ్యసమితివారి ధర్మకర్తృత్వమున నుండెను. అనఁగా బ్రిటను పాలించుచున్నను, ఆ పాలనమును గూర్చి సమితికి లెక్క చెప్పవలసియుండెను. న్యెరేరే యీ సందును చక్కఁగాఁ గనిపెట్టెను. 1954 జులై 7 వ తేదీన టాను అను జాతీయసంఘము నేర్పఱచి, మఱుసటియేఁడు న్యూయార్కు నగరమునకుఁ బోయి, సమితియెదుట తన దేశపు స్వాతంత్ర్యమునకై వాదించెను. తిరిగివచ్చునప్పటికి, పాఠశాలయో రాజకీయమో యేదో యొకటి విడువవలసిన దినము వచ్చెను. జీతము తప్ప వేఱాధారము లేని గృహస్థుఁడు, అప్పటికే బిడ్డల తండ్రి, పంతులుద్యోగమునకు రాజీనామా నిచ్చెను. తరువాత ఆఱేండ్లలోఁ దుపాకి ప్రేలకయే, 1961 డిసెంబరు 9 వ తేదీన టాంగన్యీకా స్వతంత్రమయ్యెను.

స్వాతంత్ర్యము చేతికి రాకమునుపే ఆయన చేసిన పనులు రెండు చూడఁదగినవి. 1960 లో, పొరుగున నున్న కెన్యా, ఉగాండాలతోఁ గలిసి యొకే సమాఖ్యగా నేర్పడు పక్షమున, తన దేశపు స్వాతంత్ర్యమును గొంతకాల మాపుటకైనను సిద్ధమని ప్రకటించెను. తనకుఁ గట్టఁబోవు పట్టమును తానే వెనుకకు నెట్టుకొను రాజకీయుఁ డరుదు గదా! ఆ సమాఖ్య పొసఁగలేదు. రెండవది 1961 మార్చిలో జరిగెను. నల్లవారిని మనుష్యులుగా నెంచని దక్షిణాఫ్రికాప్రభుత్వము కామన్వెల్తులో నున్నంతకాలము తన దేశ మందుఁ జేరఁజాలదని లండను పత్రికలో వ్రాసెను. ఆ నెలలోనే దక్షిణాఫ్రికా కామన్వెల్తును విడిచిపోవుదునని ప్రకటించెను. ఆయన వ్రాఁత యొక్కటియే దానికిఁ గారణము కాదు. భారతము, కనడా, మలయా మొదలగు దేశముల యొత్తిడియు నుండెను. అయినను, ఇంకను స్వతంత్రముగాని దేశపు నాయకుఁడు ముందుగా షరతు విధించుట లోకమునకు వింతగాఁ దోఁచెను.

అట్టి షరతులు విధించిన దేశమునకుఁగల బలమెంత? కత్తాళనార, ప్రత్తి, కాఫీ, ఇవియే దాని యెగుమతులు. వీనిలో ముఖ్యమైన నారకు 1964 తరువాత ధర పడిపోవఁ జొచ్చెను. పట్టభద్రులు బహుకొద్దిమంది. వైద్యులలో, ఇంజనీర్లలోఁ బెక్కుమంది పరదేశీయులే. సైన్యము రెండు పటాలములు మాత్రమే. వాని యధికారులలోఁ బెక్కుమంది బ్రిటిషువారు. 1964 జనవరిలో ఆ కొద్ది సైన్యమే జీతములకొఱకు, తెల్ల యధికారులను తొలఁగించుటకొఱకుఁ దిరుగఁబడఁగా, అధ్యక్షుఁడు కొన్నిదినములు దాఁగియుండవలసివచ్చెను. తుదకు బ్రిటిషు పటాలములనే పిలిచి తిరుగుబాటు నణఁచెను. నిన్నమొన్న విడిచిపోయినవారిని మఱల రమ్మని వేఁడుకొనుట ఆయన కెంతయో యవమానకరముగా నుండెను. వెంటనే ఆఫ్రికాదేశముల మంత్రులను దారెస్సలామునకుఁ బిలిపించి, జరిగినది దాఁచక చెప్పి, బ్రిటిషు సైనికులకు మాఱుగా నైజీరియా పటాలమును రప్పించుకొనెను. పాతసైన్యమును రద్దుచేసి క్రొత్తది కట్టెను.

ఆ జనవరిలోనే సమీపమున నున్న జాంజిబారు ద్వీపమున విప్లవము జరిగెను. ఏప్రిల్ 26 వ తేదీన ఆ ద్వీపమును టాంగన్యీకాయు నేకమై, కొన్ని నెలలకు టాన్జేనియా యను పేరు ధరించెను. ఈ కూడికతో నొక చిక్కు వచ్చెను. జాంజిబారువారు అప్పటికే తూర్పుజర్మనీ రాయబారిని దమ నగరమున నిలుపుకొనిరి. తూర్పుజర్మనీని గుర్తించిన దేశముతో సంబంధ ముంచుకొనఁగూడదని పశ్చిమజర్మనీ నియమము. పశ్చిమజర్మనీయో టాన్జేనియాకు ధనమిచ్చుచు, విమానదళమునకు శిక్షణ మిచ్చుచుండెను. న్యెరేరే మధ్యేమార్గముగా, రాయబారికార్యాలయమును మూసి, దారెస్సలామున నొక కాన్సలు కార్యాలయమును మాత్ర ముండనిచ్చెను. దానితోఁ దృప్తిపడక 1965 ఫిబ్రవరిలో పశ్చిమజర్మనీ తన సైనికశిక్షకులను హఠాత్తుగా వెనుకకుఁ బిలుచుకొని, తక్కిన సాహాయ్యమును గూడ నాపుదుమని సూచించెను. ఆపువఱకు న్యెరేరే నిలువలేదు. ప్రభుత్వపరముగా వచ్చు మీ సాహాయ్య మంతయుఁ గొనిపొండని తానే వర్తమాన మంపెను. సాహాయ్యము నెపమునఁ దన దేశము ఎవరితో మాటాడవలెనో యితరులు నిర్ణయింపరాదని ఆయన యభిప్రాయము. విమానదళపు శిక్షణమును తరువాత కనడా చేపట్టెను.

ఇంతకంటెఁ బెద్దపరీక్ష ఆ సంవత్సరాంతముననే వచ్చెను. టాన్జేనియాకు నైరృతిదిశగా జాంబియాయు, దానికి దక్షిణమున రొడీషియాయు నున్నవి. రొడీషియా బ్రిటిషువారి వలస. అందు నూటికైదుగురు గూడ లేని తెల్లవారు, నల్లవారికి వోటుహక్కు రాకుండఁ జేయఁదలఁచి, ఇయాన్ స్మిత్ నాయకత్వమున 1965 నవంబరు 11 వ తేదీన తమంతఁ దామే స్వతంత్రులమని ప్రకటించుకొనిరి. బ్రిటను దీనిని ద్రోహమన్నదేకాని, సైన్యము నంపలేదు, వ్యాపారనిషేధములతో సరిపుచ్చెను. డిసెంబరు తొలివారమున ఆఫ్రికాదేశముల మంత్రులు సమావేశమై, డిసెంబరు 15 వ తేదీలోఁగా బ్రిటను ఆ తిరుగుబాటు నణఁపనిచో, తామందఱును బ్రిటనుతో రాయబారసంబంధములు తెంచుకొందుమని యేకగ్రీవముగాఁ దీర్మానించిరి.

గడువు వచ్చెను. బ్రిటను కదలలేదు. తీర్మానించిన ముప్పదికిఁ బైఁబడిన దేశములలో మాట చెల్లించినవి తొమ్మిదియే. పెద్దదేశములు కొన్ని తాము మంత్రులకుఁ జెప్పినదానిని మంత్రులు మించిరనియు, మఱికొన్ని కాలము మంచిది కాదనియు సాకులు చెప్పినవి. టాన్జేనియా ఆ తొమ్మిదింటిలో నుండెను. ఆ దినములలో బ్రిటనునుండి రావలసిన 75 లక్షల పౌనుల ఋణము నిర్ణయమై యుండెను. సంబంధములు తెగుటతో అది నిలిచిపోయెను. రహదారులకు, బడులకు, ఆస్పత్రులకు పైకముచాలని దేశమున కది చిన్నమొత్తము కాదు.

ఈ చర్య యుచితమా యని నేఁడును వాదింపవచ్చును. దానివలన స్మిత్ ప్రభుత్వము కదలలేదు. అది మఱి పదునాలుగేండ్లు నిలిచెను. బ్రిటనుకుఁ గలిగిన నష్టము స్వల్పము. నష్టపడినది టాన్జేనియా పల్లెలవారు. వారి నెవ్వరు నడిగి చేయలేదు. మాట తప్పినవారికో, ఏ శిక్షయు లేకపోయెను. ఈ లెక్క నెఱిఁగియే న్యెరేరే యాపని చేసెను. ఆయన తర్కము పంతులుగారి తర్కము. తీర్మానమునకు వోటిచ్చునప్పుడు తెలియని కష్ట మేదియు గడువునాఁడు క్రొత్తగాఁ బుట్టలేదు. ఆఫ్రికాదేశముల తీర్మానములు చిత్తుకాగితములని లోకము నవ్వకుండుటకు ఎవరో కొందఱైనను చేసి చూపవలెను. ఇందుఁ బౌరుష మెంతయో, కోప మెంతయో మన మెంచలేము. ఒక్కటి మాత్రము గమనింపవలెను. ఆయన కామన్వెల్తును విడువలేదు. తన దేశమున నున్న బ్రిటిషు ప్రజలపై ద్వేషము రేపలేదు. 1968 లో సంబంధములు మఱలఁ గుదిరెను.

రొడీషియా వ్యవహారమున నందఱికంటె నెక్కువ యిబ్బంది పడినది జాంబియా. పటమును ముందిడుకొని చూచిన నిది తెలియును. జాంబియాకు సముద్రతీరము లేదు. దాని రాగి చాలవఱకు రొడీషియామీఁదుగా రైలులోఁ బోయి, పోర్చుగీసువారి రేవులలో నోడ కెక్కవలెను. శత్రువు వాకిటనుండియే నిత్యము రాకపోకలన్నమాట. దారెస్సలాము రేవునకు నేరుగా రైలుదారి వేయుట యొక్కటే యుపాయము. న్యెరేరేయు, జాంబియా యధ్యక్షుఁడు కెన్నెత్ కౌండాయు మొదట ప్రపంచబ్యాంకు నడిగిరి, పాశ్చాత్యరాజ్యముల నడిగిరి. లాభము రాదని వారు వెనుదీసిరి. 1965 లో న్యెరేరే చీనాకుఁ బోయినప్పుడు, ఆ దేశమువారు తాము వేయుదుమనిరి. అప్పటికిఁ జీనాయు బీదదేశమే. కౌండా కొంతకాలము శంకించి, తుద కంగీకరించెను. 1967 లో నొడంబడిక కుదిరి, 1970 లోఁ బని యారంభమై, 1975 నాఁటికిఁ బట్టాలు పఱచుట ముగిసి, మఱుసటియేఁడు జులైలో దారి రెండు దేశములకు నప్పగింపఁబడెను. దాని పొడవు 1,860 కిలోమీటర్లు. వంతెనలు మూఁడువందలకుఁ బైఁగా, సొరంగములు ఇరువదికిఁ బైఁగా నున్నవి. ఖర్చునకుఁ జీనా వడ్డీలేని యప్పిచ్చి, ముప్పదేండ్లలోఁ దీర్పుమనెను. కూలీలకు, స్థానికమగు సామానుకుఁ గావలసిన పైకమునకై, చీనాసరుకులు తెచ్చి రెండుదేశముల యంగళ్ళలో నమ్మించిరి. ఇంకొక విశేషము: టాన్జేనియాలోని పాతరైలుదారులు మీటరుగేజివి, ఈ క్రొత్తదారి, జాంబియా దారికి సరిపోవుటకై, మూఁడడుగుల ఆఱంగుళముల వెడల్పుది. కావున స్వదేశపు బండ్లే స్వదేశపుదారిమీఁద నడువకపోయెను!

కమ్యూనిస్టులకు లొంగెనని పాశ్చాత్యులాయనపై నింద మోపిరి. అది నిలువని నింద. చీనావారు దారి వేయుచుండఁగనే స్వీడను, కనడా మొదలగు దేశముల ధనము పల్లెలకు వచ్చుచుండెను. ఎవరి పక్షమునను జేరక, ఎవరిచ్చినను షరతు లేనిచోఁ బుచ్చుకొనుట ఆయన పద్ధతి. మన దేశమున నెహ్రూగారు నడిపిన యలీనవిధానమున కిది దగ్గఱిది.

దక్షిణాఫ్రికా, మొజాంబిక్కు, రొడీషియా, నమీబియాలనుండి పాఱివచ్చిన స్వాతంత్ర్యయోధులకు దారెస్సలాము ధర్మసత్రమయ్యెను. 1963 లో నేర్పడిన ఆఫ్రికా ఐక్యసంస్థవారి విమోచనసంఘమునకు అదియే నిలయము. మొజాంబిక్కు విమోచనోద్యమము 1962 లో నచ్చటనే పుట్టెను. దాని నాయకుఁడు ఎడువార్డో మోండ్లానే 1969 ఫిబ్రవరిలో నా నగరముననే, పుస్తకపు కట్టలో దాఁచిపంపిన బాంబు ప్రేలి మరణించెను. అతిథులవెంటఁ బ్రమాదమును వచ్చునని తెలిసియు టాన్జేనియా తలుపు మూయలేదు. మొజాంబిక్కు 1975 లోను, రొడీషియా జింబాబ్వే యను పేర 1980 లోను స్వతంత్రములయ్యెను.

తోడి యాఫ్రికావారి తప్పులను గప్పిపుచ్చుట ఆయన స్వభావము కాదు. ఇగ్బోజాతివారి వధను జూచి, 1968 ఏప్రిల్‌లో నైజీరియానుండి విడిపోఁదలఁచిన బియాఫ్రాను మొట్టమొదట గుర్తించినది టాన్జేనియాయే. ఆఫ్రికాదేశములలోఁ బెక్కింటికి దీనివలనఁ గోపము వచ్చెను. బియాఫ్రాయు రెండేండ్లలో నణఁగిపోయెను. 1972 లో ఉగాండా నియంత ఈదీ అమీను అచ్చటి భారతసంతతివారిని గట్టుబట్టలతో వెడలఁగొట్టినప్పుడు, తక్కిన నాయకులలోఁ బెక్కండ్రు మౌనము వహింపఁగా, తెల్లవారు చేసిననేమి నల్లవారు చేసిననేమి, వర్ణద్వేషము వర్ణద్వేషమే యని న్యెరేరే బహిరంగముగా ఖండించెను. అయితే అదే సంవత్సరమున, పదవీభ్రష్టుఁడైన ఒబోటే యనుచరులు టాన్జేనియా గడ్డనుండి ఉగాండాపైఁ బోయి యోడిపోయిరను సంగతిని గూడ మఱువరాదు. రెండువైపుల పగ యట్లు పెరిఁగెను.

1978 అక్టోబరు తుదిని అమీను సైన్యము సరిహద్దు దాఁటి, కగేరానదికి ఉత్తరముననున్న టాన్జేనియా భూభాగమును బట్టుకొని దోఁచెను. ఆఫ్రికా ఐక్యసంస్థ ఆ దురాక్రమణమును గట్టిగా ఖండింపలేదు. న్యెరేరే సైన్యమును బెంచి, శత్రువును వెడలఁగొట్టి, అంతతో నాగక ఉగాండాలోనికిఁ బ్రవేశించెను. అమీనునకు సాయముగా లిబియా సైనికులు వచ్చిరి. 1979 ఏప్రిల్‌లో కంపాలానగరము టాన్జేనియా వశమయ్యెను. అమీను పరారి యయ్యెను. పొరుగుదేశపు ప్రభుత్వమును బలముతోఁ గూలఁద్రోయుట తగదని ఆ జులైలో మన్రోవియా సభయందుఁ గొందఱధినేతలు న్యెరేరేను తప్పుపట్టిరి. ప్రజలకుఁ బీడ తొలఁగెను. నియమము మాత్రము విఱిగెను. యుద్ధమునకైన వ్యయము సుమారు 50 కోట్ల డాలర్లు. ఒక్కరును పంచుకొనలేదు.

ఆ వ్యయము వచ్చిపడినది కుంటుచున్న సంసారముమీఁద. 1967 లోని ఆరూషాప్రకటనముచే ఆయన బ్యాంకులను, పెద్దవ్యాపారములను బ్రభుత్వపరము చేసి, స్వశక్తిపై నిలువుఁడని ప్రజలకు బోధించెను. అంతకు ముందటియేఁడే తన జీతమును నూటికిరువదివంతులు తగ్గించుకొనెను. అక్షరాస్యత పెరిఁగెను, బడులు, వైద్యశాలలు పల్లెలకుఁ జేరెను. కాని 1973 తరువాత లక్షలాది రైతులను బలవంతముగాఁ దమ యిండ్లనుండి లేపి క్రొత్తపల్లెలకుఁ దోలుటచేఁ బంటలు దెబ్బతిని, ధాన్యము దిగుమతి చేసికొనవలసివచ్చెను. విచారణ లేక నిర్బంధించు చట్టము నాయన వాడెను. ఒక్క పక్షమునే యుండనిచ్చెను. స్వశక్తిని బోధించిన దేశమే విదేశసాహాయ్యమును విశేషముగాఁ గైకొన్న దేశములలో నొకటి యయ్యెను. బడిలో బాలురను దిద్దినట్లు పెద్దవారిని దిద్దఁబూనుట పాలకునకుఁ జెల్లదు. బయటిరాజ్యముల యాజ్ఞ నొల్లని యాయన, తన రైతుల యిచ్చను మన్నింపకపోవుట శోచనీయము. చమురుధర పెరిఁగి, అప్పులు మిక్కుటమై, 1979 తరువాత అంతర్జాతీయ ద్రవ్యనిధివారు రూకవిలువ తగ్గింపుమని షరతు పెట్టఁగా, ఆయన సమ్మతింపలేదు. ఆయన దిగిపోయిన పిమ్మట 1986 లో నూతనాధ్యక్షుఁడు మ్వినీ ఆ షరతులకు సమ్మతించెను.

1985 లో న్యెరేరే తనంతఁ దానే పదవిని విడిచెను. ఆఫ్రికాలో నట్లు విడిచినవారు కొలఁదిమందియే. బుతియామాకుఁ బోయి సేద్యము చేయించెను. షేక్స్పియరు నాటకములను రెండింటిని స్వాహిలీలోనికి మార్చినవాఁడు గావున, పుస్తకము లాయనను విడువలేదు. 1987 నుండి 1990 వఱకు బీదదేశముల బాగోగులు విచారించిన దక్షిణసంఘమున కధ్యక్షత వహించెను. దాని ప్రధానకార్యదర్శి, తరువాత మన ప్రధానమంత్రియైన మన్మోహన్ సింగు గారు. 1995 లో భారతప్రభుత్వము గాంధీ శాంతిబహుమానము నేర్పఱచి, మొట్టమొదట నీయన కిచ్చెను.

ముదిమియందును ఆయన కూరకుండలేదు. బురుండీలో రెండుజాతులవారు ఒకరి నొకరు చంపుకొనుచుండఁగా, 1996 నుండి వారి నడుమ సంధి కుదుర్పఁ బూని, పక్షములఁ బెక్కింటిని ఆరూషానగరమునకు రప్పించి, ఓపికతో మాటాడించుచుండెను. ఆ పని నడుమనే రక్తకేన్సరు వ్యాధి ముదిరి, 1999 అక్టోబరు 14 వ తేదీన లండను నగరములోని యాస్పత్రిలోఁ గాలధర్మము నొందెను. దేహమును స్వదేశమునకుఁ దెచ్చి బుతియామాలో సమాధి చేసిరి. విడిచిపోయిన సంప్రదింపులను దక్షిణాఫ్రికా మాజీ యధ్యక్షుఁడు నెల్సన్ మండేలా చేపట్టఁగా, 2000 వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆరూషాలోనే బురుండీవారి యొడంబడికకుఁ జేవ్రాళ్ళు పడెను.